చదువుకుంటున్నానని అన్నాను

లైబ్రరీ కార్డు నేను కోరి తీసుకున్నది కాదు. సెలవులు అయ్యేలోగా పిల్లలంతా లైబ్రరీ నుంచి పది పుస్తకాలు తెచ్చుకుని చదవాలని మా పెద్దమ్మాయి బడిలో టీచరు చెప్పింది. దాన్ని వెంటబెట్టుకుని, మూడేళ్ళ చిన్నదాన్ని చంకనేసుకుని, పోస్టాఫీసు పై అంతస్తులో ఉన్న లైబ్రరీకి వెళ్ళాను. చిన్నదాన్ని ఇంట్లో అందరం తుర్రు అంటాం. చెయ్యి వదిలితే చాలు, తుర్రుమంటుంది.

పిల్లల పేరు మీద కార్డు ఇవ్వరని బల్ల వెనక కూర్చున్న లైబ్రరీ మేడం చెప్పింది.

"మీ పేరు మీద తీసుకోండి. కార్డు మీద రెండు పుస్తకాలు. ఒకటి పాపకి, ఒకటి మీకు."

"నాకెందుకండీ? నాకు తీరికెక్కడిది? రెండూ దానికే ఇచ్చేయండి."

"పిల్లల పుస్తకం ఒకటే ఇవ్వాలని రూలు. మీరు తీసుకోకపోతే రెండోది వృథా."

ఆ ఆఖరి మాట దగ్గర నేను దొరికిపోయాను. సబ్బు అరిగిపోతే ఆ ముక్కని కొత్త సబ్బుకి అతికించే మనిషిని. దగ్గర్లో ఉన్న బీరువాలోంచి చేతికందినది తీసి సంచిలో వేసుకున్నాను. అక్కడి పుస్తకాలన్నిటికీ గోధుమరంగు కాగితం అట్టలు వేసి, పైన నంబరు మాత్రం రాస్తారు. అది నవల అన్న సంగతి ఇంటికి వచ్చి తెరిస్తేగానీ తెలియలేదు.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచి పదకొండేళ్ళుగా చదివినవి మందు సీసాల మీది అక్షరాలు, పిల్లల డైరీలు, పొద్దున్నే దేవుడి దగ్గర చదివే నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలు కంఠతా వచ్చు కాబట్టి అది చదవడం కిందికి వస్తుందో రాదో కూడా చెప్పలేను.

ఆ నవలలో ఒక రేవు ఉంది. ఆ రేవులో ఓడలకి తాళ్ళు పేనుతూ బతికే ఒకావిడ ఉంది. ఆవిడ ఉంటున్న ఇంటిని ఎవరో కొని పడగొట్టబోతున్నారు. మధ్యాహ్నం తుర్రు నిద్రపోయాక పది పేజీలు చదువుదామని కూర్చున్నాను. లేచేసరికి ఆరేసిన బట్టలు వానకి తడిసిపోయి ఉన్నాయి. వాన చప్పుడు నాకు వినిపించలేదు. నిజానికి వినిపించింది, కానీ అది రేవులో పడుతోందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న దేవుడి దగ్గర కూర్చున్నాను. రోజూ ఒక వరస ప్రకారం అందరి గురించీ చెప్పుకుంటాను. మా ఆయన పనిలో జాగ్రత్తగా ఉండాలి, పిల్లలకి జ్వరాలు రాకూడదు, అత్తయ్య మోకాళ్ళు నెమ్మదించాలి. ఆ వరసలోనే, "ఆ తాళ్ళావిడ ఇల్లు నిలబెట్టు స్వామీ" అని నోటికి వచ్చేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాను. లేని మనిషి కోసం దేవుణ్ణి అడగవచ్చా? పైగా ఆవిడ ఇల్లు ఏమైందో ఎప్పుడో అచ్చయిపోయింది. ఇప్పుడు అడిగితే దేవుడు మాత్రం ఏం చేస్తాడు? అయినా అడిగినందుకు కోప్పడతాడా, నవ్వుకుంటాడా? ఆలోచిస్తూ ఉంటే స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ముందు గదిలోంచి మా అత్తగారు కేకేశారు.

"ఏమ్మా, అలికిడి లేదు. ఏం చేస్తున్నావ్?"

"చదువుకుంటున్నాను అత్తయ్యా."

నేను అన్నది అంతే. అందులో దాచిపెట్టింది ఏమీ లేదు. చదువుతున్నాను అనకుండా చదువుకుంటున్నాను అని ఎందుకన్నానంటే, నాకోసం నేను చదువుతున్నాను కాబట్టి. మనకోసం చేసేవాటికి అలాగే అంటాంగా. వండుకుంటున్నాను, కుట్టుకుంటున్నాను, పాడుకుంటున్నాను. వ్యాకరణం నాకు పెద్దగా రాదు, కానీ ఆ మాట పొరపాటని ఇప్పటికీ అనిపించదు.

అత్తగారు, "మంచిది, చదువుకో తల్లీ" అన్నారు. ఆ తల్లీ అన్న పిలుపు నాకు కొత్త. అందుకే గుర్తుండిపోయింది.

తర్వాత ఇంట్లో గాలి మారింది. తుర్రు నా గది వైపు వస్తే అత్తగారు పట్టుకుని, "ష్! అమ్మ చదువుకుంటోంది, గొంతు తగ్గించు!" అని వీధి చివరిదాకా వినిపించేలా అరిచేవారు. కూరగాయలు తరిగి పెట్టేవారు. కింద ఇంట్లో ఉండే టైలరమ్మ ఒకసారి జాకెట్టు కొలత తీసుకుంటూ, "మీరు గట్టివాళ్ళండీ, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని" అంది. ఏ విషయంలో గట్టిదాన్నో అర్థం కాకపోయినా, కాదనడం బాగుండదని నవ్వి ఊరుకున్నాను.

మూడో నెలలో మా ఆయన షిఫ్టు మార్పించుకున్నారు. ఆయన లిఫ్టు మెకానిక్కు. అంతకుముందు పది గంటలకు వెళ్ళి రాత్రి భోజనం వేళకి వచ్చేవారు. ఇప్పుడు ఆరింటికల్లా డిపోలో ఉండాలి. అక్కడ గ్రీజు డబ్బాలు, ఉక్కు తాళ్ళ చుట్టలు బండికి ఎక్కించుకుని, ఆఫీసులు తెరవకముందే లిఫ్టు గోతుల్లోకి దిగి పని పూర్తి చేసుకోవాలి. రెండున్నరకల్లా ఇంటికి వస్తారు.

"ఎందుకండీ మార్చుకున్నారు? పొద్దున్నే లేవడమంటే మీకు పడదుగా?" అని అడిగాను.

"నీకు తీరిక దొరకాలిగా. మూడింటి నుంచి ఐదింటి దాకా నువ్వు కూర్చో. చిన్నదాన్ని నేను తిప్పుకొస్తాను. దార్లో పెద్దదాన్ని బడి దగ్గర కలుపుకుంటా."

"నా పుస్తకాల కోసమా?"

"మరి? కూర్చుంటేనే కదా అయ్యేది."

పదకొండేళ్ళలో ఆయన నాకు చీర కొన్నారు, గొలుసు చేయించారు, జ్వరమొస్తే మాత్ర ఇచ్చి పక్కన కూర్చున్నారు. కానీ నాకు ఇష్టమైన పని నేను చేసుకోవడానికి ఆయన నిద్ర మానుకోవడం, ఇలాంటిది నేను విననే లేదు. ఆ రోజు దేవుడి దగ్గర కళ్ళు తుడుచుకున్నాను. ఇంత మంచి మనుషుల మధ్య పెట్టావు, నేనేం చేశాను తండ్రీ అని అడిగాను. జవాబు రాలేదు. అప్పుడే ఏదైనా సూచన అందించి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ రెండు గంటలూ నావి. ఒక వారం తేనెటీగల గురించిన పుస్తకం, ఒక వారం నక్షత్రాల గురించి, ఎక్కువ వారాలు నవలలే. ఒక హత్య నవలలో పన్నెండో పేజీ అంచున ఎవరో పెన్సిలుతో "హంతకుడు డాక్టరే" అని రాశారు. దాని కింద ఇంకో చేతిరాతలో "కాదు" అని ఉంది. ఆ కింద మూడో చేతిరాత, "ఇద్దరూ నోరు ముయ్యండి." చివరి పదహారు పేజీలు చిరిగిపోయాయి. లైబ్రరీ మేడంని అడిగితే, "అయ్యో, నేను కూడా అక్కడిదాకానే చదివానండీ" అంది. వంట చేస్తూ డాక్టరునీ, వంటవాణ్ణీ, తోటమాలినీ మార్చి మార్చి అనుమానించేదాన్ని.

మా ఆయన అప్పుడప్పుడు ఆరా తీసేవారు.

"ఎందాకా వచ్చింది?"

"సగం దాటింది."

"కష్టంగా ఉందా?"

"మొదట్లో పేర్లు గుర్తుండలేదు. ఇప్పుడు ఫర్వాలేదు."

"పేర్లు ఎక్కువా?"

"ఇరవై దాకా ఉన్నాయి. అందులో ముగ్గురు పోయారు."

"చరిత్రా?"

"ఒక రకంగా చరిత్రే. రాజుగారింటి గొడవలు."

"చరిత్రకి మార్కులు బాగా వస్తాయంటారులే" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. మార్కులు అన్న మాట నాకు వినిపించింది. ఆయనకి వేళాకోళం ఎక్కువ, అదీ అలాంటిదే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అంత తేటగా చెప్పినా నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. తట్టకూడదని నేనే అనుకున్నానేమో, అదీ తెలియదు.

ఎనిమిదో నెలలో మా ఆడపడుచు వచ్చింది. మా ఆయన చెల్లెలు. నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తుంది. చెప్పులు విడుస్తూనే సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా ఒళ్ళో పడేసింది.

"ఇదిగో వదినా, నీ ముహూర్తం వచ్చేసింది. మా ఆఫీసులో గుమస్తా పోస్టులు పడ్డాయి. పది పాసైతే చాలు. నువ్వు ఎనిమిది నెలల్నుంచి దంచుతున్నావుగా!"

"ఏం దంచుతున్నాను?"

"అబ్బ, సిగ్గు పడకు. అన్నయ్య అంతా చెప్పాడు. అమ్మయితే ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. మా కోడలు చదువుకుంటోంది, మా కోడలు చదువుకుంటోంది. నన్ను చదివించినప్పుడు కూడా ఇంత సంబరం లేదు ఆవిడకి."

"ఎలా ఉంటుందే, నువ్వు చదివింది ఎప్పుడో, ఫెయిలయింది ఎప్పుడో, అన్నీ కలిసిపోయాయి నాకు" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి పెన్ను తీసి నాకు అందించారు. ఆయన చేతి గోళ్ళలో గ్రీజు ఉంది. ఎంత రుద్దినా పోదు. ఆ చేతివైపు చూస్తుంటే అప్పుడు నాకు ఒక్కొక్కటే తెలిసివచ్చింది. తల్లీ అన్న పిలుపు, తరిగిపెట్టిన కూరగాయలు, టైలరమ్మ మెచ్చుకోలు, ఆరింటి షిఫ్టు. ఇవేవీ నా నవలల కోసం కాదు. నేను పరీక్షకి చదువుకుంటున్నానని వీళ్ళంతా అనుకున్నారు. నేను మాత్రం నా సరదా కోసం ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడిందని మురిసిపోయాను.

పెన్ను తీసుకున్నాను. వృత్తి అన్న చోట గృహిణి అని రాశాను. చదువు అన్న చోట పదో తరగతి అని రాశాను. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం కూడా రాయకుండా ఆ ఫారం మొత్తం నింపాను.

అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. నిజం చెబితే ఆ రెండు గంటలు పోతాయి. నేను నవలలు చదువుకోవడానికి ఒక మనిషి చీకట్లో లేచి పనికి ఎందుకు పోతాడు? పోనవసరం లేదు, నేనే పంపను. చెప్పకపోతే ఆ గంటలు దొంగిలించినట్టు. కానీ ఎప్పుడు దొంగిలించాను? ఏ రోజున? ముందు తెలియదు కాబట్టి తప్పు కాదనుకుంటే, ఫారం నింపిన రోజు నుంచి లెక్క. ఆ రోజు నుంచి చదివిన ప్రతి పేజీ తప్పేనా? పొద్దున్నే దేవుడి దగ్గర ఇవన్నీ విప్పి చెప్పేదాన్ని. నేనేమీ అబద్ధం ఆడలేదు కదా స్వామీ అనేదాన్ని. అంతలోనే, మరి ఎందుకు ఇంత వివరంగా చెప్పుకుంటున్నాను అనిపించేది.

తప్పు సరిచేద్దామని లైబ్రరీ నుంచి పరీక్షల గైడు తెచ్చాను. ఆ రెండు గంటలూ అదే చదవాలని ఒట్టు పెట్టుకున్నాను. "ఈ కింది వాటిలో సరైనది గుర్తించండి" అని ప్రతి పేజీలో ఉంది. నాలుగు జవాబులు చదివేసరికి నాలుగూ సరైనవే అనిపించేవి. "పైవేవీ కావు" అన్నది ఒక్కటే మనసుకి హాయిగా ఉండేది. పావుగంటలో తల వాలిపోయేది. పదో రోజున గైడు తిరిగి ఇచ్చి నవల తెచ్చుకున్నాను. నవల చదువుతూ గైడు గురించి బాధపడ్డాను. ఏ పేజీలో ఏం చదివానో గుర్తు లేదు. ఇలా రెండూ చెడ్డాయి.

పరీక్ష పదకొండో నెలలో ఒక ఆదివారం పడింది. పిల్లల్ని అత్తగారి దగ్గర ఉంచి మా ఆయన నన్ను బస్సులో తీసుకెళ్ళారు. దిగాక నా చెప్పు తెగితే రోడ్డు పక్కన కూర్చుని జేబులోంచి వైరు ముక్క తీసి కట్టిపెట్టారు. "నిదానంగా రాయి. తెలిసినవి ముందు చెయ్యి" అన్నారు. బడిపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. నా పక్కన ఉన్నమ్మాయి వయసు నాలో సగం ఉంటుంది. దాని దగ్గర నాలుగు పెన్నులు.

మొదటి పేజీలో లెక్కలు. కొన్ని చేశాను. తర్వాత నీళ్ళ ట్యాంకుల గురించి అడిగారు, కొన్నిటికి జవాబుల సున్నాలు నింపాను. నాలుగో పేజీలో, కింది భాగాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు గుర్తించండి అని ఉంది. అందులో ఒక చిన్న కథ ముక్క ఇచ్చారు. ఒకాయన అవతలి ఒడ్డున ఉన్న కూతుర్ని చూడటానికి పడవ ఎక్కుతాడు. అరగంట పోయాక అది వేరే ఊరి పడవ అని తెలుస్తుంది. పడవలో అందరూ ఎవరి పెళ్ళికో వెళుతున్నారు. ఆయన్ని కూడా పెళ్ళివారే అనుకుని పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తారు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియదు. పడవ ఒడ్డుకి చేరుతుంది. అక్కడితో ఆపేసి, "పై భాగంలోని ముఖ్య విషయం ఏమిటి?" అని అడిగారు. అ) ప్రయాణం ఆ) పెళ్ళి ఇ) పొరపాటు ఈ) పైవన్నీ.

రెండోసారి చదివాను. ఆ కూతురు ఏమైంది? ఒడ్డున ఎదురుచూస్తోందా? ఆయన దిగి చెప్పాడా, లేక పెళ్ళిలో కూడా కూర్చున్నాడా? మూడోసారి చదివాను. ఆయన గొంతులో మెతుకు అడ్డం పడటం నాకు తెలుస్తోంది. ఎవరో నా భుజం తట్టారు. హాలు సూపర్‌వైజరు.

"టైమ్ అయిందమ్మా. పేపర్ ఇవ్వండి."

వెనక ఇంకా మూడు పేజీలు తిప్పనే లేదు.

బయట గేటు దగ్గర మా ఆయన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగా రాశావా?"

"పేపర్లో ఒక కథ ఇచ్చారు. అది బాగుంది."

ఆయన సీసా మూత తిప్పుతూ ఆగిపోయారు. బస్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. కూర్చున్నాం. అక్కడ చెప్పేశాను. ఈ ఏడాదంతా నేను చదివినవి పరీక్ష పుస్తకాలు కావని, కథలని, నేను ఆ మాట ఏ అర్థంతో అన్నానో, వాళ్ళు ఏ అర్థంతో విన్నారో, నాకు ఎప్పుడు తెలిసిందో, తెలిశాక ఎందుకు చెప్పలేదో. చివరిది సరిగ్గా చెప్పలేకపోయాను. మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

"అంటే... ఊరికేనా?" అన్నారు.

"ఊరికే."

"దేనికీ కాదు?"

"దేనికీ కాదు. చదువుతుంటే బాగుంటుందని."

ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. లిఫ్టు ఎందుకు ఆగిందో తెలియనప్పుడు మీటల వైపు చూసినట్టు నా మొహంలోకి చూశారు. తర్వాతి బస్సెక్కి ఇంటికి వచ్చాం. దిగేటప్పుడు చెయ్యి అందించారు.

అత్తగారికి నేనే చెప్పాలి. మర్నాడు ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తూ మొదలుపెట్టాను.

"అత్తయ్యా, నేను ఉద్యోగం కోసం చదవలేదు."

"మరి పరీక్ష రాశావుగా?"

"రాశాను. కానీ ముందునుంచీ నేను చదివింది దానికోసం కాదు. అవి కథల పుస్తకాలు."

"పుస్తకాలేనా?"

"పుస్తకాలే."

"చదివావా, లేదా?"

"చదివానత్తయ్యా."

"మరింకేమే! చదివి చదవలేదంటావేంటి? నేను చూస్తూనే ఉన్నాగా. ఆ ఎడమ మోకాలికి ఇంకాస్త రాయి."

"మిమ్మల్ని మోసం చేసినట్టయింది."

"నన్ను ఐదో తరగతిలో మాన్పించారు. పుస్తకానికీ పుస్తకానికీ తేడా నాకేం తెలుస్తుంది? ఏమైనా అంటే వాడు అనాలి, పొద్దున్నే లేచింది వాడు" అని కళ్ళు మూసుకున్నారు. అది క్షమించడమో, వినకూడదనుకోవడమో అర్థం కాలేదు. మర్నాడు కూరగాయలు తరిగి పెట్టారు. అయితే చాలా పెద్ద ముక్కలు తరిగారు. అది కోపమా, చూపు ఆనకపోవడమా అని ఆ ముక్కల వైపు చూస్తూ నిలబడ్డాను.

మా ఆయన నాలుగు రోజులు పని మాటలే మాట్లాడారు. ఉప్పు, తాళం చెవి, పెద్దదాని బూట్లు. షిఫ్టు పాతదానికి మార్చుకోండని నేనే చెప్పాను. చూస్తాలే అన్నారు. మూడింటికి చిన్నదాన్ని తీసుకుని వెళ్ళిపోయేవారు. నేను పుస్తకం తెరవలేదు. ఆ రెండు గంటలూ కడిగిన గిన్నెలే కడిగాను.

ఐదో రోజు భోజనాల దగ్గర ఆయనే అన్నారు.

"డిపోలో మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను, షిఫ్టు మార్చమని అడుగుదామని."

"అడిగారా?"

"నేను నోరు తెరిచేలోపే, ఏమయ్యా, మీ ఆవిడ పరీక్ష ఎలా రాసింది అన్నాడు. పక్కన నలుగురున్నారు. అందరూ తలెత్తి చూశారు."

"మీరేమన్నారు?"

"ఏమనమంటావ్? చదువైపోయింది అంటే ఉద్యోగం ఏదంటారు. అసలు చదువే కాదంటే, మరి తొమ్మిది నెలల్నుంచి ఎందుకు తెల్లారకముందే వస్తున్నావంటారు. మా ఆవిడ కథలు చదువుకుంటుంది, అందుకని అంటే..." ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అంటే ఏమంటారో నాకు తెలీదు. తెలిస్తే చెప్పేవాణ్ణే."

"మరి ఏం చేశారు?"

"గ్రీజు డబ్బా కావాలని అడిగి, తెచ్చుకున్నా."

నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదని నేనూ ఆపుకున్నాను.

"మీకు నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. కానీ నిలవడం లేదు. నువ్వు అబద్ధం చెప్పలేదు. అమ్మా చెప్పలేదు. నేను డిపోలో చెప్పింది కూడా అమ్మ చెప్పిందే. మరి ఇంత అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందంటావ్?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచారు.

మర్నాడు రెండున్నరకి వచ్చారు. భోజనం పెట్టాక, "ఇవాళ మీరు పడుకోండి, నేను తీసుకెళ్తాను దాన్ని" అన్నాను. ఆయన కాసేపు పడుకున్నారు కూడా. కానీ మూడింటికి తుర్రు వెళ్ళి ఆయన కాలి బొటనవేలు పట్టుకుని లాగింది. లేచి చొక్కా వేసుకున్నారు.

"ఉండండి, చెప్పాగా."

"నీతో ఇది నిలవదు. రోడ్డు మీద పడుతుంది" అన్నారు. పుస్తకం ఊసెత్తలేదు. చదువుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను పుస్తకం చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ గంటలు ఇప్పుడు ఎవరివో, ఎందుకు ఇస్తున్నారో, అసలు ఇస్తున్నారో, డిపోలో మాట చెప్పలేక అలాగే సాగనిస్తున్నారో, ఏదీ తేలలేదు. కింద వీధిలో తుర్రు అప్పుడే ఆయన చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. ఆయన వెనకాల పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళి, మూలమలుపు దగ్గర దాన్ని పట్టుకుని, భుజాల మీదికి ఎత్తుకుని, వెనక్కి తిరిగి మా కిటికీ వైపు చూశారు. నేనేం చేస్తున్నానో నాకే తెలియకుండా చేతిలో పుస్తకాన్ని కాస్త పైకి ఎత్తాను, ఆయనకి కనబడేలా. ఆయన చెయ్యి ఎత్తారు. నాకు ఊపారో, ఎండ కళ్ళలో పడకుండా అడ్డం పెట్టుకున్నారో అంత దూరం నుంచి తెలియలేదు. ఇద్దరూ మలుపు తిరిగిపోయారు.

ఇంకొంచెం సేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చుని, నలభై ఒకటో పేజీ తీశాను.